అమ్మ మాటని ఫోన్ ఉన్నదున్నట్టు రాయాలంటే ఏం చెయ్యాలి? (కువైట్‌లో అక్క, ఇక్కడ అమ్మ, మధ్యలో ఏఐ)

గన్నవరం లాకులు:

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర ఓ పల్లె. మా అక్క కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది, అమ్మా నాన్నా నా దగ్గర ఉంటారు. అమ్మకి చదువు రాదు, సంతకం మాత్రం పెడుతుంది. ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్య మాటలన్నీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లే. అమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టి మొదలెడితే కొబ్బరి దింపు తీసిన దగ్గర్నుంచి ఎదరింటి వాళ్ళ గేదె ఈనిన దాకా అన్నీ చెప్తుంది. అక్క రాత్రి పని అయ్యాక వినేది.

ఈ మధ్య అక్క పని చేసే ఇంట్లో చంటిపిల్ల పుట్టింది, అక్క ఆ పిల్ల గదిలోనే పడుకోవాలి. గట్టిగా మాట్లాడ్డానికి లేదు, ఫోన్ పెట్టి వినడానికీ లేదు. అందుకని ఒక ఏఐ యాప్ పెట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు తెలుగు ముక్కలు కొడితే అది చక్కటి తెలుగులో ఉత్తరం రాసిస్తుంది, ఇక్కడ నా ఫోన్ దాన్ని పైకి చదివి అమ్మకి వినిపిస్తుంది. "ప్రియమైన అమ్మా, నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను, మీ ఆరోగ్యం గురించి ఎల్లప్పుడూ ఆలోచిస్తూ ఉంటాను" ఇలా ఉంటుందండీ. అమ్మ కొన్నాళ్ళు విని, ఓ సాయంత్రం ఫోన్ మంచం మీద పడేసి "అది ఇలా మాట్లాడదే. దానికేదో అయ్యింది, మీరు నాకు చెప్పట్లేదు" అని ఏడుపు. ఆ రాత్రి అక్క బాత్రూంలోకి వెళ్ళి వీడియో కాల్ చేస్తే గానీ నమ్మలేదు.

అటు నుంచి అలా ఉంటే, ఇటు అమ్మ మాటల్ని నేను మైక్ బొమ్మ నొక్కి అక్షరాల్లోకి మారుస్తున్నా, అక్క గబుక్కున చదువుకుంటుందని. సగం తప్పులు. "రేపు అమలాపురం ఎల్లొత్తాను" అని అమ్మ అంటే "రేపు అమలాపురం ఎల్లో తాను" అని పడింది. టీవీలో వార్తలు చదివేవాళ్ళ మాట పెడితే మాత్రం ఒక్క తప్పు లేకుండా రాస్తోంది.

నాకు కావాల్సింది రెండే. అమ్మ మాట అమ్మ మాటలాగే అక్షరాల్లోకి రావాలి. అక్క పంపింది వింటే అమ్మకి అక్కే మాట్లాడినట్టు ఉండాలి. దీనికి దారి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి, అమ్మకి అప్పట్నుంచీ టెన్షన్ తగ్గట్లేదు.

వశిష్ఠ పాయ:

మాది నరసాపురం అండీ. హైదరాబాద్‌లో ఈ మాటని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ రెండు ఫోన్లలో జరుగుతున్నవి రెండు వేరు వేరు పనులు. ఒకటి, విన్నదాన్నో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినదాన్నో తెలుగు అక్షరాల్లో పెట్టడం. రెండోది, ఆ వచ్చినదాన్ని "బాగు చెయ్యడం". ఇప్పుడొస్తున్న యాప్‌లు రెండూ ఒకే మీటలో కలిపేసి, మనల్ని అడక్కుండానే రెండోది కూడా చేసేస్తున్నాయి. మీకు కావాల్సింది మొదటిది మాత్రమే. రెండోది ఎమ్మార్వో ఆఫీసుకి అర్జీ రాసేటప్పుడు కావాలి గానీ తల్లీ కూతుళ్ళ మధ్య దాని అవసరమేంటి? మీ అమ్మగారు పట్టుకున్నది సరిగ్గా దీన్నే. ఆవిడకి చదువు రాకపోవచ్చు గానీ కూతురి మాటతీరు ఆవిడకి తెలిసినట్టు ఏ ఏఐ మోడల్‌కీ తెలీదు.

ఇక తప్పుల సంగతి. ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ వచ్చింది 2017 ఆగస్టులో. అప్పటికీ ఇప్పటికీ చాలా మెరుగైంది, కానీ పని చేసే పద్ధతిలో ఒక చిక్కుంది. అది మాటని మనలాగా వినదు. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఈ శబ్దానికి ఏ పదం రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్క కట్టి రాస్తుంది. తను నేర్చుకునేటప్పుడు ఎక్కువగా విన్నదాని వైపే మొగ్గుతుంది. "వెళ్ళి వస్తాను" వేలసార్లు విని ఉంటుంది, "ఎల్లొత్తాను" ఎప్పుడో ఒకసారి విని ఉంటే గొప్ప. అసలు తెలుగే తక్కువ. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ వాళ్ళు 2022 సెప్టెంబరులో విడుదల చేసిన విస్పర్ అనే మోడల్‌ని 6,80,000 గంటల ఆడియోతో తయారు చేశారు. అందులో 4,38,000 గంటలు ఒక్క ఇంగ్లీషే. మిగతా 96 భాషల్లో మాటని అదే భాషలో రాయడం నేర్పిన ఆడియో మొత్తం కలిపి 1,17,000 గంటలు, అందులో తెలుగు వాటా చాలా చిన్నది. ఆ చిన్న వాటాలో కోనసీమ ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడిన మాట ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

అయితే ఇది ఇలాగే ఉండిపోదు. ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ అని ఒక బృందం ఉంది, వాళ్ళు 2024లో ఇండిక్‌వాయిసెస్ అని బయటపెట్టారు. 145 జిల్లాలు తిరిగి, 22 భాషల్లో 16,237 మంది చేత మాట్లాడించి, 7,348 గంటలు పోగు చేశారు. అందులో ఎక్కువ భాగం కాగితం చూసి చదివింది కాదు, అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు మాట్లాడింది. ఇలాంటివి పెరిగేకొద్దీ మన యాస పట్టుకోవడమూ పెరుగుతుంది.

ఈలోగా మీరు చెయ్యగలిగినవి చెప్తాను. అమ్మగారు మాట్లాడేటప్పుడు ఫ్యాన్ ఆపండి, టీవీ కట్టెయ్యండి, ఫోన్ జానెడు దూరంలో ఉంచండి. ఆవిడ మాట మార్చుకోనక్కర్లేదు, కాస్త ఆగి ఆగి మాట్లాడితే చాలు. కానీ మరీ ఎక్కువసేపు ఆగినా ఇబ్బందే, ఎందుకంటే ఈ మోడళ్ళలో కొన్ని మాట లేని చోట కూడా ఏదో ఒక వాక్యం కల్పించి రాసేస్తాయి, అది నిజంగా జరిగే విషయం. అందుకని మందుల పేర్లు, డబ్బు అంకెలు, తారీఖులు, మనుషుల పేర్లు ఉన్న చోట మీరొకసారి కళ్ళతో చూసి పంపండి. మిగతాచోట్ల తప్పున్నా పర్లేదు, అక్క పోల్చుకుంటుంది.

చాట్ చేసే ఏఐ వాడుతుంటే దానికి ముందే ఒక మాట చెప్పి ఉంచాలి: "విన్నది విన్నట్టు రాయి. పదం మార్చకు, కలపకు, తియ్యకు. వ్యాకరణం సరిచెయ్యకు." సెట్టింగుల్లో ఇది దాచిపెట్టుకునే చోటు ఉంటుంది, ప్రతిసారీ చెప్పక్కర్లేదు. అయినా మధ్యమధ్యలో పాత అలవాటుకి పోతుంది, అప్పుడు మళ్ళీ చెప్పాలి.

అక్కకి అయితే అసలు ఏఐయే అక్కర్లేదు. కీబోర్డులో తెలుగు పెట్టుకుంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినది కొట్టినట్టే తెలుగులో పడే పద్ధతి ఉంది. కంప్యూటర్ మీద లేఖిని వాడినవాళ్ళకి ఇది ఎప్పట్నుంచో తెలుసు. "amma tinnava" అని కొడితే "అమ్మ తిన్నావా" అని పడుతుంది, "ప్రియమైన అమ్మా, భోజనం చేశారా" అని పడదు. అది మీ ఫోన్ చదివితే గొంతు మరమనిషిదే అయినా మాట మీ అక్కదే.

ఇంకొక్కటి, ఇది మీ ప్రశ్నకి సంబంధం లేదు గానీ చెప్పాలనిపించింది. కంప్యూటర్ లోపల తెలుగు చాలా బరువు. "స్త్రీ" అని ఒక్క అక్షరం రాస్తే లోపల 6 గుర్తులు, ఒక్కో గుర్తుకి 3 బైట్ల చొప్పున 18 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు సరిపోతుంది. 2018 ఫిబ్రవరిలో అయితే "జ్ఞా"తో మొదలయ్యే ఒక కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లే ఆగిపోయాయి, తర్వాత అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మన భాషని దృష్టిలో పెట్టుకుని చేసిన యంత్రాలు కావివి, అందుకే మనవాళ్ళు ఇందులోకి ఇంకా ఎక్కువమంది రావాలి.

రాజోలు ఆడపడుచు:

చెల్లెమ్మా, నేను కువైట్ నుంచే రాస్తున్నాను. మాది రాజోలు పక్క. మీ అక్క ఏ పరిస్థితిలో ఉందో నాకు బాగా తెలుసు కాబట్టి ఆవిడ తరఫున కూడా ఒక మాట చెప్పాలి.

ఆవిడ అమ్మ మీద ప్రేమ తగ్గి మిషన్ చేత రాయించట్లేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వంట, బట్టలు, పిల్లలు, మళ్ళీ వంట. మనకీ ఇక్కడికీ రెండున్నర గంటలు తేడా, ఇక్కడ పని తెమిలేసరికి అక్కడ అమ్మ నిద్రపోయి ఉంటుంది. ఆ టైంలో వేళ్ళు కదలవు. రెండు ముక్కలు కొట్టి, మిగతాది అది రాసింది పంపేస్తే "పోన్లే, అమ్మకి కబురు అందింది" అనిపిస్తుంది. వశిష్ఠ అన్నయ్య చెప్పినట్టు కీబోర్డు మార్చుకుంటే మెసేజ్ చిన్నదైపోతుంది. చిన్నదైనా పర్లేదని ఆవిడకి మీరే చెప్పండి. పెద్దగా రాయకపోతే ఇంట్లో బాధపడతారనే భయంతోనే మేము పెంచి రాయిస్తాం.

అమ్మగారి వాయిస్ మాత్రం ఆపకండి. అక్షరాల్లో పంపింది పగలు గబుక్కున చూసుకోడానికి, దానితో పాటు ఆడియో కూడా పంపండి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని దుప్పట్లో వినొచ్చు, రెండో చెవి పిల్ల ఏడుపుకి ఉంటుంది. నేను అలాగే వింటాను. మా అమ్మ మాట వెనకాల కాకుల అరుపు, కాలవలో పడవ ఇంజను వినిపిస్తాయి. ఏ రోజైనా అవి లేకుండా వస్తే అమ్మ ఆసుపత్రిలో ఉందేమోనని కంగారు పడతాను.

ఏఐ వల్ల నాకు జరిగిన మేలు కూడా చెప్పాలి. వచ్చిన కొత్తలో మేడం చెప్పేది అర్థం కాక చాలా మాటలు పడ్డాను. ఇప్పుడు ఫోన్‌లో అరబ్బీ నుంచి తెలుగుకి పెట్టుకుంటాను. మేడం అరబ్బీ పుస్తకాల అరబ్బీ కాదు, ఇక్కడి ఇళ్ళలో మాట్లాడే అరబ్బీ, దాన్ని ఫోన్ సగమే పట్టుకుంటుంది, అచ్చం మీ అమ్మగారి మాటని పట్టుకోలేకపోతున్నట్టే. మేడం అత్తగారి మాట అయితే అసలు పట్టుకోదు, పిల్లల మాట బాగా పట్టుకుంటుంది. అందుకని పెద్దావిడ ఏమన్నా చెప్తే పెద్దపిల్ల చేత మళ్ళీ చెప్పించి ఫోన్‌కి వినిపిస్తాను.

కెమెరా పెడితే కాగితం మీది అరబ్బీ కూడా తెలుగులో వస్తుంది. ఇళ్ళలో పనిచేసే వాళ్ళ కోసం ఇక్కడ 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని, రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదని, మన పాస్‌పోర్టు వాళ్ళు దాచుకోకూడదని అందులో ఉంది. నేను అది తెలుగులో చదువుకున్నాకే నా పాస్‌పోర్టు నేను అడిగి తీసుకున్నాను. మీ అక్కకి కూడా చదువుకోమని చెప్పు. కానీ ఏ కాగితం మీదైనా సంతకం పెట్టాలంటే మాత్రం ఫోన్ తర్జుమా నమ్ముకుని పెట్టొద్దు, ఎంబసీలో చూపించుకోమను. ఒక్క "కాదు" ఎగిరిపోతే అర్థం తిరగబడుతుంది.

వయ్యేరు:

ఆయ్, మాది ఉండి దగ్గర. తల్లీ కూతుళ్ళ సంగతి పైన వాళ్ళిద్దరూ బాగా చెప్పారు, నేను పొలం సంగతి చెప్తాను, మీకు పనికొచ్చేది ఒకటి అందులో ఉంది.

మాకు ఇప్పుడు నాట్లకి బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. రొయ్యల చెరువుల మీద ఒడిశా కుర్రాళ్ళు. ఇదివరకు మధ్యలో హిందీ వచ్చిన మేస్త్రి లేకపోతే ఒక్క ముక్క నడిచేది కాదు, ఆయన చెప్పిందే రేటు. ఇప్పుడు గట్టు మీద ఫోన్‌ని తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నేను తెలుగులో చెప్తే అది బెంగాలీలో చెప్తుంది, వాళ్ళు నవ్వుకుంటూ జవాబు చెప్తే నాకు తెలుగులో వినిపిస్తుంది. వాళ్ళకి కడుపునొప్పి వచ్చినా, ఇంటి దగ్గర ఎవరో పోయారన్నా, అడ్వాన్సు కావాలన్నా నేరుగా నాతోనే చెప్పుకుంటున్నారు. మనిషికి మనిషికి మధ్య మేస్త్రి పోయాడు, ఇది చిన్న విషయం కాదు.

కానీ లెక్కల దగ్గర జాగ్రత్త. నేను ఎకరం లెక్కన మాట్లాడతాను, వాళ్ళ మనసులో ఉండేది బిఘా. బెంగాల్లో బిఘా అంటే మన 33 సెంట్లు, అంటే మూడు బిఘాలైతే దగ్గర దగ్గర ఎకరం. ఫోన్ నా మాటని మాటగా మారుస్తుంది గానీ వాళ్ళ లెక్కలోకి మార్చదు. పక్క ఊళ్ళో ఇలాగే ఎకరం రేటు అని వీళ్ళు, బిఘా రేటు అని వాళ్ళు అనుకుని నాట్లు సగంలో ఆగిపోయాయి. అందుకని అంకె ఎప్పుడూ ఫోన్‌కి వదిలిపెట్టను. మడులు చూపించి, కాగితం మీద అంకె వేసి, అవతల మనిషి తల ఊపాకే పని మొదలెడతాం. మీరు కూడా అక్క పంపే డబ్బు, బ్యాంకు సంగతులు ఇలా మిషన్ రాతలో కాకుండా నేరుగా మాట్లాడుకోండి.

చెరువు మందుల గురించి కూడా జనం ఏఐని అడుగుతున్నారు, నాకు అది భయం. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రొయ్య ఎందుకు పైకి తేలుతుందో అది బాగానే చెప్తుంది, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తెల్లవారుజామున ఎందుకు తిప్పాలో కూడా చెప్తుంది. అక్కడితో ఆపాలి. మందు పేరు, డోసు అడగొద్దు. నిషేధించిన యాంటీబయాటిక్ ఒక్కటి దొరికినా ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది, దెబ్బ చెరువంతటికీ తగులుతుంది. నీళ్ళు సీసాలో పట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళడమే.

లంక గాలి:

మోసాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఇప్పుడు కొద్దిపాటి ఆడియో దొరికితే మనిషి గొంతు అచ్చం దించేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కువైట్‌లో కూతురు, ఊళ్ళో తల్లి అంటే మోసగాళ్ళకి అలాంటి ఇల్లే కావాలి. "అమ్మా, నన్ను పోలీసులు పట్టుకున్నారు, డబ్బు పంపు" అని అక్క గొంతుతోనే కొత్త నంబరు నుంచి రావచ్చు. అమ్మగారికి ఒకటే నేర్పండి: కొత్త నంబరు నుంచి అక్క ఏడ్చినా సరే కట్ చేసి, ఫోన్‌లో పాత నంబరుకి మీ చేత చేయించాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

రెండోది వరదల సంగతి, ఇది లంకల్లో ఉండేవాళ్ళకి బాగా అర్థమవుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా ఊరి గ్రూపులో పుకార్లు లెక్కలేనన్ని వచ్చాయి. కానీ అప్పుడు పుకారు చూడగానే తెలిసిపోయేది. అక్షర దోషాలు, తలా తోకా లేని వాక్యాలు, ఆఖర్న అందరికీ పంపండి అని. ఇప్పుడు ఎవడైనా రెండు ముక్కలు చెప్తే ఏఐ దాన్ని కలెక్టరాఫీసు ప్రకటనలా రాసిస్తోంది. "ప్రజలకు విజ్ఞప్తి, గట్టుకు గండి పడినందున తక్షణమే" అని వస్తే చదువుకున్నవాళ్ళే నమ్మేస్తున్నారు. రాత చూసి నిజమా కాదా తేల్చుకునే కాలం పోయింది. నేను అంకె చూస్తాను: 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మెసేజ్‌లో హెచ్చరిక ఒకటి, అంకె ఇంకొకటి ఉంటే అది ఎవరో అల్లింది. అంకె సరిపోయినా కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి అడిగాకే గ్రూపులో పెడతాను. వృద్ధుల్ని, గేదెల్ని పడవెక్కించాల్సిన చోట తప్పుడు కబురు ప్రాణాల మీదికి తెస్తుంది.

అమలాపురం మాస్టారు:

అమ్మాయీ, నేను తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. నాది కొంచెం వేరే అభిప్రాయం, కోపగించుకోవద్దు.

ఆఫీసు పనులకి ఈ యంత్రం వాడుకోవడం మంచిదే అంటాను. ఒకప్పుడు అర్జీ రాయించుకోవాలంటే కరణం గారి అరుగు దగ్గర పడిగాపులు కాయాలి, రాసినందుకు పచ్చడి జాడీయో గెల అరటిపళ్ళో ఇచ్చుకోవాలి. 2025 జనవరి 30న మన రాష్ట్రంలో వాట్సాప్‌లో మన మిత్ర మొదలెట్టారు, 161 ప్రభుత్వ సేవలతో. సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ తిరిగే బాధ చాలామందికి తగ్గింది. అర్జీ భాష రానివాడికి ఫోనే రాసి పెడుతుంటే ఎవరు కాదంటారు?

నా బాధ వేరే. గిడుగు రామమూర్తి పంతులు గారు బతికినంత కాలం పోట్లాడింది దేనికోసం? జనం మాట్లాడే మాటే పుస్తకంలోకి రావాలని, గ్రాంథికం పిల్లల నెత్తిన రుద్దొద్దని. ఆయన పుట్టిన ఆగస్టు 29న ప్రతి ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఇప్పుడు చేతిలో ఫోన్ పెట్టుకుని కొత్త గ్రాంథికం ఒకటి తయారు చేసుకుంటున్నాం. పత్రికలో వార్తలాగా, ప్రభుత్వ ప్రకటనలాగా, అందరిదీ ఒకే మాట. కోనసీమ వాడూ, కర్నూలు వాడూ, కరీంనగర్ వాడూ పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకేలా చెప్తున్నారు. నా పాత విద్యార్థులు పండక్కి పంపే మెసేజ్‌లు చదివితే ఎవరు పంపారో పేరు చూస్తే గానీ తెలియట్లేదు. వాళ్ళలో ఒకడు తప్పులతో నాలుగు ముక్కలు సొంతంగా రాస్తాడు, వాడి మెసేజ్ మాత్రం చదివి దాచుకుంటాను.

అందుకని నా సలహా, మీ అమ్మగారికీ అక్కకీ మధ్య రాత అసలు వద్దు. వాయిస్ ఆలస్యంగా విన్నా ఫర్వాలేదు, అదే ఉండాలి. ఇంకో మాట, అమ్మగారి చేత తీరికగా మాట్లాడించి రికార్డు చెయ్యండి, ఆవిడ పెళ్ళి, పాత వరదలు, దింపు రోజులు, వంటలు. కేంద్ర ప్రభుత్వం 2022లో మన దేశ భాషల తర్జుమా కోసం భాషిణి మొదలెట్టింది కదా, అందులో భాషాదాన్ అని మన గొంతు ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ అమ్మగారిలాంటి వాళ్ళు పదిమంది మాట్లాడితే రేపు ఆ యంత్రానికి మన మాట అర్థమవుతుంది.

రాజోలు ఆడపడుచు:

మాస్టారూ, మీరన్నది కాదనను. కానీ రాత అసలు వద్దంటే ఎలాగండీ? చెవి ఖాళీ లేనివాళ్ళకి కన్నే దిక్కు. పగలు బట్టలు మడతపెడుతూ ఒక్క చూపు చూసుకుంటే, "నాన్నకి జొరం తగ్గింది" అనే ముక్క కనపడితే ఆ రోజంతా చేతులు ఆడతాయి. రాత్రి దాకా ఆగి వినమంటే ఆ పగలంతా గుబులే. రెండూ ఉండాలి.

వశిష్ఠ పాయ:

మాస్టారూ, ఆడపడుచు గారి మాటే నాదీ. గొంతు ఇవ్వడం గురించి మీరు చెప్పింది బంగారం లాంటి మాట, కాకపోతే ఒక జాగ్రత్త. భాషాదాన్ లాంటి చోట ఇచ్చేటప్పుడు అక్కడిచ్చిన వాక్యాలు చదవడమో, విన్నది రాయడమో ఉంటుంది, ఇంటి సంగతులు చెప్పక్కర్లేదు. చదువు రాని అమ్మగారికి మీరు వాక్యం చెప్తే ఆవిడ తిరిగి చెప్పొచ్చు. ఎందుకు చెప్పిస్తున్నారో, ఎవరి చేతికి వెళ్తుందో ఆవిడకి అర్థమయ్యేలా చెప్పి, సరేనంటేనే ఇవ్వాలి. ఇంట్లో రికార్డు చేసిన పాత సంగతులు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి. లంక గాలి గారు చెప్పిన గొంతు దొంగతనం అలాంటి వాటితోనే జరుగుతుంది.

గన్నవరం లాకులు:

అందరికీ పేరు పేరునా థాంక్స్ అండీ. ఆదివారం కూర్చుని మీరు చెప్పినవి చేశాను. అక్క ఫోన్‌లో కీబోర్డు మార్పించాను, వీడియో కాల్‌లో చూపిస్తూ. ఇప్పుడు మెసేజ్ చిన్నగా వస్తోంది. నిన్న "అమ్మ తిన్నావా, నాన్నకి మాత్రలు ఇచ్చేవా, ఎండలోకి ఎల్లకు, పాప పడుకుంది ఉంటా" అని వచ్చింది. ఫోన్ చదువుతుంటే అమ్మ "ఆఁ, ఇచ్చేనే" అని ఫోన్‌కే జవాబు చెప్పింది.

అమ్మ మాటలు రాయడంలో ఇంకా తప్పులు వస్తున్నాయి, ఫ్యాన్ ఆపాక తగ్గాయి. మాత్రల పేర్లు నేనే కొడుతున్నా. ఆడియో కూడా కలిపి పంపుతున్నాం. కొత్త నంబరు సంగతి అమ్మకి చెప్పాను, "దాని గొంతు ఎవడో దించుతాడా" అని మొదట నమ్మలేదు, తర్వాత నాన్న కూడా చెప్తే విన్నది.

మాస్టారూ, అమ్మ చేత పాత సంగతులు చెప్పించడం మొదలెట్టాను. 1986 వరదలో తాతయ్య వాళ్ళు ఇంటి చూరు మీద రాత్రంతా ఎలా గడిపారో చెప్పింది, నాకు అది ఇన్నేళ్ళలో తెలీదు.

ఆఖరుగా ఒక్క ప్రశ్న. ఈ ఫోన్ పాతబడింది, ఈ నెలలో మార్చాలి. అమ్మ, అక్క వాయిస్ మెసేజ్‌లు ఏళ్ళ తరబడివి అందులో ఉన్నాయి. అవి ఒక్కటి కూడా పోకుండా కొత్త దాంట్లోకి ఎలా తెచ్చుకోవాలి?

వశిష్ఠ పాయ:

ముందు ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు ఉందేమో చూసి, ఉంటే ఇప్పుడే ఆపెయ్యండి. చాట్ తెరిచి ఎక్స్‌పోర్ట్ కొట్టొచ్చు గానీ పాతవి బాగా ఎక్కువుంటే అన్నీ రావు. అందుకని ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, వాట్సాప్ మీడియా ఫోల్డర్ లోపల వాయిస్ నోట్స్ అని ఉంటుంది, అది మొత్తం కాపీ చేసుకోండి. ఫైల్ పేర్లలోనే తారీఖు ఉంటుంది కాబట్టి వరస పోదు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెట్టండి. కొత్త ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ దిగి, పాత మెసేజ్‌లు నాలుగైదు నొక్కి వినిపిస్తున్నాయని చూసుకున్నాకే పాత ఫోన్ ఎవరికైనా ఇవ్వండి.